"నాకేంరా, బాగానే ఉన్నా" అన్నప్పుడు: మాట వెనక మనిషిని అర్థం చేసుకునే పద్ధతి

ఎప్పుడు ఫోన్ చేసి "ఎలా ఉన్నావమ్మా" అని అడిగినా మా అమ్మది ఒకటే జవాబు: "నాకేంరా, బాగానే ఉన్నా." ఆ జవాబు నమ్మి ఏళ్లు గడిపేశాను. ఒక సంక్రాంతికి ఊరెళ్లి మూడు రోజులు ఆమె పక్కనే ఉన్నా నాకు ఏ తేడా తెలియలేదు. నా భార్యకు తెలిసింది. అత్తయ్య గడప దాటే ముందు తలుపు పట్టుకుని ఒక్క క్షణం ఆగుతున్నారని, ఎప్పుడూ కత్తిపీట ముందు కింద కూర్చునే మనిషి కుర్చీ తెచ్చుకుంటున్నారని, కిందపడిన చెంచా తీయడానికి వంగే ముందు పెదవులు బిగబడుతున్నారని చెప్పింది. ఎక్స్‌రే తీయిస్తే రెండు మోకాళ్లూ బాగా అరిగిపోయి ఉన్నాయి. అమ్మ అబద్ధం ఆడాలనుకోలేదు. మమ్మల్ని టెన్షన్ పెట్టకూడదనుకుంది. ఆమె నోరు దాచిన సంగతిని కాళ్లు, చేతులు, పెదవులు మూడు రోజులూ చెబుతూనే ఉన్నాయి. వినాల్సిన నేనే వినలేదు.

ఆ తర్వాత ఈ విషయం మీద నేను చదివినదీ, ఇంట్లోనూ ఆఫీసులోనూ పాటించి చూసినదీ ఇక్కడ వరుసగా రాస్తున్నాను. మన ఇళ్లలో మొహమాటం ఎక్కువ. కావాలని ఉన్నా వద్దంటాం, నొప్పి ఉన్నా లేదంటాం, ఇష్టం లేకపోయినా సరే అంటాం. అందుకే మాట ఒక్కటే వింటే సరిపోదు. అలాగని ముఖం చూసి మనమే తీర్పు చెప్పేయడం అంతకంటే ప్రమాదం. ఈ రెండింటి మధ్య ఒక దారి ఉంది: గమనించడం, ఆ తర్వాత అడగడం.

మొదటి అడుగు: విన్న తప్పులు వదిలించుకోండి

"మనం చెప్పేదాంట్లో మాటల వాటా 7 శాతమే, మిగతాదంతా బాడీ లాంగ్వేజే" అని వ్యక్తిత్వ వికాస తరగతుల్లో, వీడియోల్లో వినే ఉంటారు. 1967లో అమెరికాలో ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రచురించిన రెండు ప్రయోగాల నుంచి మాటకు 7, గొంతుకు 38, ముఖానికి 55 అనే అంకెలు వచ్చాయి. అక్కడ వాడినవి విడివిడి మాటలు. మాటకూ గొంతుకూ ముఖానికీ పొంతన కుదరనప్పుడు, ఎదుటి మనిషికి మనమంటే ఇష్టమో కాదో దేన్నిబట్టి అనుకుంటాం అన్నదే అక్కడి ప్రశ్న. ఆ అంకెలను అన్ని సంభాషణలకూ అంటగట్టవద్దని ఆయనే చెప్పారు. మాత్ర అన్నానికి ముందు వేసుకోవాలా తర్వాతా అన్నది డాక్టరు ముఖం చూసి ఎవరు చెప్పగలరు? మాటకు దాని విలువ దానికుంది.

రెండో తప్పు, ముఖం చూసి అబద్ధం పట్టేయగలం అనుకోవడం. చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో అనే పరిశోధకులు 2006లో అప్పటిదాకా జరిగిన రెండు వందలకు పైగా అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. ఏది నిజమో ఏది అబద్ధమో జనం సరిగ్గా చెప్పింది సగటున 54 శాతం. బొమ్మా బొరుసా వేసి చెప్పినా 50 శాతం ఒప్పవుతుంది. "కళ్లలోకి చూడట్లేదు, వీడు ఏదో దాస్తున్నాడు" అని పిల్లల మీద కేకలేసేవాళ్లకు ఈ సంగతి చెప్పాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. పెద్దవాళ్ల ముందు కళ్లెత్తి మాట్లాడకూడదని నేర్పేదీ మనమే, కళ్లు దించుకుంటే దొంగ అనేదీ మనమే.

చేతులు కట్టుకుంటే మనసు మూసుకున్నట్టే అన్నది ఇంకొకటి. మన బడుల్లో చేతులు కట్టుకోవడమంటే బుద్ధిగా వినడం. ఏసీ గదిలో అయితే చలి.

రెండో అడుగు: ఆ మనిషి మామూలుగా ఎలా ఉంటారో తెలుసుకోండి

అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే. "తల గోక్కుంటే అయోమయం" అన్నట్టుగా ప్రతి సైగకూ ఒక అర్థం రాసి పెట్టుకోవడానికి ఇది నిఘంటువు కాదు. మా పెదనాన్న మామూలుగానే నొసలు చిట్లించి మాట్లాడతారు. ఆయన్ను కొత్తగా చూసినవాళ్లు కోపమొచ్చిందనుకుంటారు. ఆయన నవ్వుతూ గట్టిగా మాట్లాడిన రోజే మేం కంగారుపడతాం.

ఇంట్లో ఒక్కొక్కరి గురించి నాలుగు విషయాలు గుర్తుపెట్టుకుంటే చాలు. మాట వేగం, గొంతు ఎత్తు. ఖాళీగా ఉన్నప్పుడు చేతులు ఏం చేస్తుంటాయి. ఇంట్లో ఎక్కడ కూర్చుంటారు, ఎలా లేస్తారు. తిండి, నిద్ర, స్నానం లాంటివి ఏ వేళకు చేస్తారు. ఇందుకోసం ఎవరినీ గుచ్చి గుచ్చి చూడనక్కర్లేదు. ఒక వారం రోజులు ఫోన్ పక్కనపెట్టి వాళ్లతో కలిసి భోంచేస్తే అన్నీ తెలుస్తాయి.

మూడో అడుగు: మార్పు కోసం చూడండి, ఒక్క గుర్తుతో ఆగిపోకండి

మామూలు తెలిసిన తర్వాత మారినదే కంటపడుతుంది. అమ్మ కుర్చీ తెచ్చుకోవడం ఒక్కటే అయితే పెద్దగా అర్థం లేదు. కుర్చీ, గడప దగ్గర ఆగడం, బిగబట్టిన పెదవులు, మూడూ మోకాళ్ల వైపే చూపించాయి. కనీసం రెండు మూడు గుర్తులు ఒకేచోట కలిస్తేనే దాన్ని విషయం అనుకోండి.

ఆ తర్వాత చుట్టూ చూడండి. ఎప్పుడు మారింది? ఎవరు వచ్చాక మారింది? కాలేజీ నుంచి వచ్చిన అమ్మాయి రోజూ చెప్పులు విడుస్తూనే కబుర్లు మొదలుపెట్టేది, పది రోజులుగా నేరుగా గదిలోకి వెళ్లి తలుపేసుకుంటోంది అనుకోండి. పరీక్షలు కావచ్చు, స్నేహితురాలితో గొడవ కావచ్చు, దారిలో ఎవడో వెంటపడుతుండవచ్చు. తలుపేసుకోవడం చూస్తే ఇందులో ఏదో తెలియదు. ఏదో ఉందని మాత్రం తెలుస్తుంది.

మతిమరుపు జబ్బు ముదిరి మాటతో చెప్పలేని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఈ అడుగు మరీ అవసరం. అలాంటివారి నొప్పిని అంచనా వేయడానికి ఆస్పత్రుల్లో వాడే పెయినాడ్ అనే కొలమానం 2003లో వచ్చింది. అందులో చూసేవి ఐదు: శ్వాస, మూలుగు లాంటి శబ్దాలు, ముఖం, శరీరం బిగుసుకోవడం లేదా కుదురులేకపోవడం, ఓదారిస్తే ఊరుకుంటున్నారా లేదా. ఒక్కోదానికి 0 నుంచి 2 దాకా వేసి మొత్తం 10కి లెక్కిస్తారు. ఇంట్లో అంకెలు వేయకపోయినా, స్నానం చేయించేటప్పుడు, పక్క మార్చేటప్పుడు ఈ ఐదింటినీ చూసి డాక్టరుకు చెబితే వైద్యానికి చాలా సాయం. "విసిగిస్తున్నారు, మొండికేస్తున్నారు" అని మనం అనుకునేదాంట్లో కొంత నొప్పే ఉంటుంది.

నాలుగో అడుగు: తల ఊపుడును నమ్మే ముందు ఆగండి

తల నిలువుగా ఊపితే అవును, అడ్డంగా ఊపితే కాదు. మనకు మూడోది కూడా ఉంది: తలను ఒక భుజం నుంచి ఇంకో భుజం వైపు మెల్లగా వంచుతూ ఆడించడం. దానికి "సరే", "తెలిసింది", "చూద్దాం", "మీరు చెప్పండి, వింటున్నా" అన్న అర్థాలన్నీ ఉన్నాయి.

ఇది నిన్నమొన్నటిది కాదు. కూచిపూడి నేర్చుకునేవారు చదివే అభినయ దర్పణంలో తలకు 9 కదలికలు, చూపుకు 8, ఒంటి చేతికి 28 ముద్రలు చెప్పారు. అందులో తలను వింజామరలా రెండు వైపులా ఆడించడాన్ని పరివాహితం అంటారు. దాని ప్రయోజనాల్లో సంతోషం ఉంది, ఆమోదం ఉంది, ఆలోచనలో పడటమూ ఉంది. ఒకే కదలికకు ఒప్పుకోలూ ఆలోచనా రెండూ అర్థాలే. మన ఇళ్లలో, ఆఫీసుల్లో గొడవలు పుట్టేది సరిగ్గా అక్కడే. మనవాడు "ఆలోచిస్తున్నా" అని తల ఆడిస్తాడు, ఎదుటివాళ్లు "ఒప్పుకున్నాడు" అనుకుంటారు. అమెరికాలోనో లండన్‌లోనో పనిచేసే తెలుగువాళ్లకు దీనికి తలకిందులుగా జరుగుతుంది. మనం ఒప్పుకుంటూ తల ఆడిస్తే అక్కడివాళ్లకు కాదన్నట్టు కనిపిస్తుంది. పరాయి దేశంలో పనిచేసేవాళ్లు తల ఊపినప్పుడల్లా "అవును, శుక్రవారానికి ఇస్తాను" అని నోటితో కూడా చెప్పడం అలవాటు చేసుకోవాలి.

తల ఊపడంలో ఇంకో పెద్ద చిక్కు, వినపడకపోయినా ఊపడం. చెవులు మందగించిన పెద్దవాళ్లు మళ్లీ మళ్లీ అడగడానికి మొహమాటపడి నవ్వుతూ తల ఊపేస్తారు. మందుల షాపులో, డాక్టరు దగ్గర ఇది ప్రాణం మీదికి తెస్తుంది. "అర్థమైందా?" అని అడిగితే ఎవరైనా తలూపుతారు. "ఈ రెండు మాత్రలూ ఎప్పుడెప్పుడు వేసుకుంటావో నాకొకసారి చెప్పు నాన్నా" అని అడగండి. వాళ్ల నోటితో తిరిగి చెప్పినదే అర్థమైనట్టు లెక్క.

ఐదో అడుగు: ఊఁ, ప్చ్, మౌనం

కథ చెప్పేటప్పుడు "ఊఁ కొట్టాలి, లేకపోతే చెప్పను" అనే బామ్మల చేతుల్లో పెరిగినవాళ్లం. ఊఁ అంటే వింటున్నానని. అదే ఊఁను చివర పైకి లేపితే "ఏమిటీ?" అని ప్రశ్న. కిందికి దించి పొట్టిగా అంటే "సర్లే, నీ ఇష్టం" అని విసుగు. సాగదీస్తే "నాకు తెలుసులే" అని. ఊహూఁ అంటే కాదు. నాలుకను అంగిటికి తగిలించి ప్చ్ అంటే జాలి, నిరాశ, కొన్నిసార్లు ఉత్త "లేదు". అక్షరం ఒకటే, రాగాన్నిబట్టి అర్థం మారిపోతుంది. కాబట్టి మనవాళ్ల గొంతు వినేటప్పుడు మాట చివర రాగం పైకి వెళ్లిందా కిందికి దిగిందా, జవాబుకు ముందు ఎంతసేపు ఆగారు అన్న రెండూ పట్టుకోండి. వెంటనే వచ్చిన "సరే"కూ, నాలుగు క్షణాలు ఆగి వచ్చిన "సరే"కూ చాలా తేడా ఉంది. ఆగి వచ్చినప్పుడు ఇంకోసారి అడగండి.

మౌనం గురించి మాత్రం నేను గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. మౌనం అర్ధాంగీకారం అన్న మాటను మనం పూర్తి అంగీకారంగా వాడేస్తున్నాం. ఆ మాట కూడా సగమే అంటోంది. పెళ్లిచూపుల్లో అబ్బాయిని చూపించి, పదిమంది మధ్య "ఏమ్మా, నచ్చాడా?" అని అడిగితే అమ్మాయి తల దించుకుంటుంది. "సిగ్గుపడుతోంది, ఒప్పుకున్నట్టే" అని పెద్దలు తాంబూలాల దాకా వెళ్లిపోతారు. తల దించుకోవడంలో సిగ్గు ఉండొచ్చు, భయం ఉండొచ్చు, వద్దని చెప్పే దారి కనపడకపోవడం ఉండొచ్చు. చీర కొంగు మెలిపెడుతున్న వేళ్లు కూడా ఏదీ తేల్చవు. జీవితానికి సంబంధించిన ప్రశ్నకు సైగను జవాబుగా తీసుకోకండి. మర్నాడు, ఒంటరిగా, తనకు చనువున్న అక్కో పిన్నో వెళ్లి, "వద్దంటే ఎవరూ ఏమీ అనరు, నేను మాట్లాడతాను" అని ముందే చెప్పి అడగాలి. నోటితో అవునన్నప్పుడే అవును.

ఆరో అడుగు: విస్తరి దగ్గర చేయి

మొహమాటపు "చాలు"కూ, నిజమైన "చాలు"కూ తేడా తెలిసేది భోజనాల దగ్గరే. వడ్డించేవాళ్లు చూడాల్సింది చేతిని. చేయి విస్తరి మీద వెడల్పుగా పరిచి, ఒంటిని కాస్త ముందుకు వంచి అడ్డం పెట్టారంటే నిజంగానే చాలు. చేయి గాల్లో ఉండి, వేళ్లు విడివిడిగా ఊగుతూ, కళ్లు గరిటె వైపు ఉంటే ఇంకొంచెం వేయవచ్చు. అయినా ఒక గరిటె వేసి ఆగండి. షుగరున్నవాళ్లకు "ఒక్కటే, ఏం కాదు" అని బూరెలు వేయడం ప్రేమ అనుకుంటాం. చేయి అడ్డం పెట్టినవాళ్ల చేతి పక్కనుంచి వడ్డించే అలవాటు మానుకోవాలి.

ఏడో అడుగు: దూరం, స్పర్శ

ఎడ్వర్డ్ హాల్ అనే అమెరికన్ 1966లో మనుషుల మధ్య దూరాలను లెక్కగట్టారు. దగ్గరివాళ్లకు సుమారు 45 సెంటీమీటర్ల లోపు, స్నేహితులకు 1.2 మీటర్ల దాకా, పనిమీద కలిసేవాళ్లకు 3.6 మీటర్ల దాకా. అవి ఆయన చూసిన అమెరికన్ల దూరాలు. రద్దీ బస్సులో, రేషన్ షాపు వరుసలో మనకు ఆ అంకెలు కుదరవు. పనికొచ్చే సూత్రం ఒకటే: మీరు ఒక అడుగు ముందుకేస్తే ఎదుటివారు ఒక అడుగు వెనక్కి వేశారా? అయితే అక్కడే ఆగిపోండి. ముఖ్యంగా మగవాళ్లు ఆడవాళ్లతో మాట్లాడేటప్పుడు.

ఎనిమిదో అడుగు: అడగండి

ఇంతవరకు చేసిందంతా ఈ ప్రశ్న కోసమే. అడిగేటప్పుడు మీరు చూసింది చెప్పండి, మీరు అనుకున్నది కాదు. "నీకు నామీద కోపమొచ్చింది కదా" అంటే అవతలివాళ్లు కాదని వాదనకు దిగుతారు. "పొద్దున్నుంచి నువ్వు సరిగా మాట్లాడలేదు, అన్నం కూడా సగంలో లేచావు. ఏమైనా ఉందా?" అంటే చెప్పడానికి చోటు దొరుకుతుంది. అందులో తప్పుపట్టడం లేదు.

ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే మనవాళ్లు బిగుసుకుపోతారు. పక్కపక్కన ఉన్నప్పుడు అడగండి. చిక్కుళ్లు వలుస్తూ, బట్టలు మడతపెడుతూ, బండి మీద వెళ్తూ. మా నాన్న తన అప్పు సంగతి నాకు మొదటిసారి చెప్పింది పొలం గట్టు మీద, నా ముఖం చూడకుండా నడుస్తూ. ఒకసారి అడిగితే "ఏం లేదు" అంటే ఒప్పుకోండి. "సరే, ఎప్పుడైనా చెప్పాలనిపిస్తే నేనున్నాను" అని వదిలేయండి. రెండు రోజుల తర్వాత వాళ్లే వస్తారు. ఇరవై ప్రశ్నలు గుచ్చితే ఈసారి ముఖం కూడా దాచుకోవడం నేర్చుకుంటారు.

తప్పుగా అర్థం చేసుకునే అవకాశం ఎక్కువున్న చోట్లు కొన్ని ఉన్నాయి. పార్కిన్సన్స్ జబ్బులో ముఖ కండరాలు బిగుసుకుపోతాయి, గొంతు సన్నబడుతుంది. లోపల ప్రేమ ఉన్నా ముఖం కదలదు. ఆ ముఖాన్ని చూసి "మనల్ని పట్టించుకోవడం లేదు" అనుకుని బాధపడే కుటుంబాలు ఉన్నాయి. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు కళ్లలోకి చూడటం కష్టం. చూడకుండానే బాగా వింటారు. గడ్డం పట్టుకుని "నా వైపు చూడు" అనకండి. బధిరుల సంజ్ఞా భాషను "సైగలు" అని తేలిగ్గా తీసేయడం కూడా తప్పే. దానికి సొంత వ్యాకరణం ఉంది. దానికోసం ఢిల్లీలో 2015లో జాతీయ సంస్థ ఏర్పడింది, 2018లో 3,000 పదాలతో నిఘంటువు వచ్చింది.

తొమ్మిదో అడుగు: మీ ముఖం ఏం చెబుతోంది?

ఎదుటివాళ్లను చదవడం నేర్చుకున్నవాళ్లు తమ ముఖాన్ని మర్చిపోతారు. 1970లలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త నెలల పసిపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. బిడ్డతో ఆడుతున్న తల్లి కొద్ది నిమిషాలు ముఖంలో ఏ భావమూ లేకుండా ఉండిపోతుంది. బిడ్డ మొదట నవ్వుతుంది, చేతులు చాస్తుంది, శబ్దాలు చేస్తుంది. అయినా తల్లి ముఖం కదలకపోతే కలవరపడి చూపు తిప్పుకుంటుంది. ఇది చదివిన రోజు నాకు నేనే గుర్తొచ్చాను. మా బాబు బడి సంగతులు చెబుతుంటే ఫోన్ చూస్తూ ఊఁ కొట్టే నా ముఖం వాడికి ఎలా కనిపించి ఉంటుంది?

చేయాల్సింది చిన్నదే. ఎవరైనా గడపలోకి రాగానే ఫోన్ బోర్లా పెట్టి ఒక్క నిమిషం వాళ్ల ముఖం చూడండి. మీకు అలసటగా ఉంటే నోటితో చెప్పేయండి: "నాకు తలనొప్పిగా ఉంది, నీమీద కోపం కాదు." ఆ ఒక్క వాక్యం లేకపోతే మీ చిట్లించిన నొసలుకు కారణం తామేనని పిల్లలు అనుకుంటారు.

పదో అడుగు: ముఖం కనిపించని చోట

మెసేజ్‌లో గొంతు ఉండదు. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ బృందం ఈమెయిల్ మీద ప్రయోగం చేసింది. వెటకారంగా రాసిందో నిజంగా రాసిందో చదివేవాళ్లు 78 శాతం సార్లు పసిగడతారని రాసినవాళ్లు అనుకున్నారు. నిజానికి పట్టుకున్నది 56 శాతం. అవే మాటలు గొంతుతో వింటే 73 శాతం. రాసేటప్పుడు మన గొంతు మన చెవిలో మోగుతూ ఉంటుంది, చదివేవాళ్లకు అది చేరదు. వాట్సాప్‌లో పొట్టి "ఓకే" చూసి రాత్రంతా మథనపడేవాళ్లు మెసేజ్‌ను మళ్లీ మళ్లీ చదవకుండా ఫోన్ చేయాలి. డబ్బు, జబ్బు, మనస్పర్థ, ఈ మూడింటినీ మెసేజ్‌లో మాట్లాడకండి.

వీడియో కాల్‌లో ముఖం కనిపిస్తుంది కానీ ముఖమే కనిపిస్తుంది. అమ్మ మోకాళ్లు అక్కడే తప్పించుకున్నాయి. ఇప్పుడు నేను ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఫోన్‌ను హాల్లో టీవీ పక్కన నిలబెట్టమంటాను. "కాఫీ కలుపుకుని వచ్చి కూర్చో అమ్మా, మాట్లాడుకుందాం" అంటాను. వంటింటి గడప దగ్గర ఆమె చేయి తలుపు మీదికి వెళ్లిందా లేదా చూస్తాను. ఎందుకు అడుగుతున్నానో మొదటి వారమే ఆమెకు తెలిసిపోయింది. ఇప్పుడు గ్లాసు పట్టుకుని గడప దాటుతూ తనే ఫోన్ వైపు తిరిగి అంటుంది: "చూశావా, పట్టుకోలేదు."